కోడలి కాగితాలు ఎక్కడున్నాయి?

రెంజల్ మండలానికి ఒక పక్క గోదావరి. కందకుర్తి దగ్గర మంజీర వచ్చి అందులో కలుస్తుంది. వంతెన దాటితే మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు నుంచి ఇటు కోడళ్లు వస్తారు, ఇక్కడి ఆడపిల్లలు అటు పోతారు. 1956 నవంబరు 1 దాకా ఈ రెండు ఒడ్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోనివి. రాష్ట్రాలు వేరుపడ్డా వియ్యాలు ఆగలేదు. మగవాళ్లకు అది బజారుకు పోయి వచ్చే వంతెన. ఆడవాళ్లకు కూడా మామూలు రోజుల్లో అంతే. కానీ పాస్‌పోర్టు కోసమో, ఓటరు జాబితా కోసమో, పౌరసత్వం రుజువు చేసుకోవడానికో కాగితాలు తెమ్మన్న రోజున అది వాళ్లకు నిజంగా సరిహద్దు అవుతుంది.

పౌరసత్వానికైనా పాస్‌పోర్టుకైనా ప్రభుత్వం తెలుసుకోదలచుకున్నవి ప్రధానంగా మూడు విషయాలు. ఎప్పుడు పుట్టావు, ఎక్కడ పుట్టావు, ఎవరికి పుట్టావు. మూడూ పుట్టింటి సంగతులే. పదహారో ఏటనో పద్దెనిమిదో ఏటనో ఆ ఇంటి నుంచి పంపించేసిన మనిషిని నలభయ్యో ఏట ఆ ఇంటి రుజువు తెమ్మంటున్నారు. ఇది గుమాస్తాల మొండితనం వల్ల మాత్రమే వచ్చిన చిక్కు కాదు. మన కుటుంబ వ్యవస్థ పెళ్లితో స్త్రీ పేరునూ ఊరునూ మార్చేస్తుంది. చట్టమేమో మనిషిని పుట్టుకను బట్టి గుర్తుపడుతుంది. ఈ రెండూ ఎదురుపడ్డ చోట నలిగేది స్త్రీ. అందుకే కాగితాల సమస్యను మీ-సేవ కేంద్రం పనిగానో, ఇంట్లో చదువుకున్న పిల్లవాడి పనిగానో వదిలెయ్యకుండా మహిళా సంఘాలు తమ పనిగా తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

రెంజల్, సాటాపూర్, నీలా, తాడ్‌బిలోలి, ఏ ఊళ్లోనైనా ఒక నడివయసు స్త్రీ దగ్గరున్న కాగితాలన్నీ చాప మీద పరిచి చూడండి. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పొదుపు సంఘం పాసుబుక్కు, బీడీలు చేసే మనిషి అయితే బీడీ కార్డు, పీఎఫ్ చీటీ. దాదాపు అన్నీ అత్తగారి ఊరి చిరునామాతో, భర్త పేరుతో మొదలవుతాయి. వాటిని బట్టి చూస్తే ఆమె పెళ్లినాడే పుట్టిందనుకోవాలి. భూమి కాగితాల్లో వెతుకుదామంటే ఇక్కడి పహాణీలో మామ పేరు, తరవాత భర్త పేరు. అక్కడి దాంట్లో తండ్రి పేరు, తరవాత అన్నదమ్ముల పేర్లు. ఆధార్ ఉంది కదా, చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఆధార్ సంఖ్య దానంతట అది పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టంలోని 9వ సెక్షనే చెబుతోంది. పైగా పుట్టిన తేదీ తెలియని ఎంతోమంది ఆడవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని పడింది. ఒక్క వాడకట్టులో ఇంతమంది ఒకే రోజున ఎట్లా పుట్టారని రాసిన రోజున ఎవరూ అడగలేదు. తరవాత ఇంకో కాగితంతో అది కలవకపోతే తప్పు మాత్రం ఆమెదే అవుతుంది.

చట్టం ఏమంటుందో ఒకసారి చూద్దాం. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ దేశంలో పుట్టినవాళ్లు, విదేశీ దౌత్యాధికారుల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, పుట్టుకతోనే పౌరులు. తల్లిదండ్రులెవరన్న ప్రశ్న లేదు. 1987 జూలై 1 తరవాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒక్కరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్లకయితే ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు కాకుండా ఉండాలి. ముప్పై అయిదేళ్ల కోడలికి ఇప్పుడు తన కాగితమొక్కటే కాదు, తల్లిదో తండ్రిదో కూడా కావాలి. ఆమె కన్న పదేళ్ల కూతురు విషయంలో తల్లీ తండ్రీ ఇద్దరి స్థితినీ చూస్తారు. తల్లి దగ్గర కాగితం లేకపోతే ఆ లోటు బిడ్డకు వారసత్వంగా వస్తుందన్నమాట. ఆస్తిలో రాని వారసత్వం ఇందులో మాత్రం వస్తుంది.

ఇదే చట్టంలో 1992 వరకు ఇంకో ఘోరం ఉండేది. విదేశంలో పుట్టిన బిడ్డకు వంశం ద్వారా వచ్చే భారత పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది, తల్లి నుంచి కాదు. 1992 డిసెంబరు 10 నుంచి తల్లి పౌరసత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. రాజ్యాంగం సమానత్వం ఇచ్చిన 42 ఏళ్లకు! 1999లో గీతా హరిహరన్ కేసులో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని, 2015లో ఇంకో కేసులో పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షణ హక్కు పొందవచ్చునని, బిడ్డకు జనన ధ్రువపత్రం తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కాగితంలో తల్లి పేరుకు ఒక గడి సంపాదించడానికే ఇంతకాలం పట్టింది.

ఇది మన దగ్గర అంత పెద్ద సమస్యా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. అస్సాంలో ఏం జరిగిందో వాళ్లు గుర్తుచేసుకోవాలి. అక్కడ జాతీయ పౌర రిజిస్టరు తయారుచేసినప్పుడు 1971కి ముందటి కాగితంలో ఉన్న పూర్వీకుడితో తనకున్న బంధుత్వాన్ని ప్రతి మనిషీ చూపాలన్నారు. మగవాళ్లు తండ్రి ఊళ్లోనే ఉంటారు, తండ్రి భూమి మీదనే ఉంటారు, ఆ గొలుసు వాళ్లకు తెగదు. చిన్న వయసులో పెళ్లయి, బడికి పోక, వేరే ఊరికి వెళ్లిన స్త్రీకి తాను ఫలానావాళ్ల కూతురినని చెప్పే కాగితం గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రం ఒక్కటే. దాదాపు 48 లక్షల మంది ఆ పత్రాన్ని పెట్టారు, అందులో అత్యధికులు పెళ్లయిన స్త్రీలు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అది చెల్లదంది. ఆ డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, సరిచూసుకుని అంగీకరించవచ్చునంది. మధ్యలో ఆ తొమ్మిది నెలలూ ఆ ఆడవాళ్లు ఎట్లా బతికి ఉంటారో ఊహించుకోండి. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. 2020లో అక్కడి హైకోర్టు ముందుకొచ్చిన ఒక స్త్రీ 15 రకాల కాగితాలు సమర్పించింది. అయినా ఓడిపోయింది. కాగితాలు తక్కువై కాదు, తన తల్లిదండ్రులతో తనను కలిపే కాగితం అందులో లేదని.

అస్సాం దూరం అనుకుంటే బీహార్‌ను చూడండి. 2025 జూన్ 24న ఎన్నికల సంఘం అక్కడ ఓటర్ల జాబితాకు ప్రత్యేక సవరణ మొదలుపెట్టింది. 2003 జాబితాలో పేరు లేనివాళ్లు 11 రకాల కాగితాల్లో ఒకటి చూపాలంది. ఆ జాబితాలో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు. సుప్రీంకోర్టు చెప్పిన తరవాత సెప్టెంబరులో ఆధార్‌ను గుర్తింపు కోసం 12వదిగా చేర్చారు. పాత జాబితాలో తల్లిదండ్రుల పేర్లుంటే వాటిని చూపవచ్చునన్నారు గానీ, పెళ్లయిన స్త్రీకి భర్త పేరు చూపితే సరిపోదు. ఆమె మళ్లీ పుట్టింటి ఊరి జాబితాను వెతుక్కోవాల్సిందే. ఇరవై ఏళ్లుగా అత్తగారింట్లో ఓటు వేస్తున్న స్త్రీని నీ తండ్రి ఓటు ఎక్కడని అడగడం ఇది. కందకుర్తి కోడలిని ఇదే ప్రశ్న అడిగితే ఆమె తండ్రి పేరు నాందేడ్ జిల్లా జాబితాలో, మరాఠీలో ఉంటుంది.

మన శాసనసభ 2020 మార్చి 16న పౌరసత్వ సవరణ చట్టానికి, జనాభా రిజిస్టరుకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. తనకే జనన ధ్రువపత్రం లేదని అప్పటి ముఖ్యమంత్రి సభలో అన్నారు. మంచిదే. అయితే తీర్మానం చేసిన ప్రభుత్వం గాని, ఆ తరవాత వచ్చిన ప్రభుత్వం గాని ఊళ్లలో కాగితం లేని ఆడవాళ్లకు కాగితం సంపాదించిపెట్టే పని పెట్టుకోలేదు. ముఖ్యమంత్రికి జనన ధ్రువపత్రం లేకపోతే ముచ్చట. బీడీ కార్మికురాలికి లేకపోతే పింఛను ఆగుతుంది, పాస్‌పోర్టు ఆగుతుంది.

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాన్ని నమ్ముకుని ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన ఆడపిల్ల పేరును చావడికి పోయి రాయించిన తండ్రులు ఎందరు? ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే ముందు రికార్డులో పేరు లేదన్న పత్రం, తరవాత విచారణ, తరవాత ఆర్డీవో ఉత్తర్వు. రెంజల్ వాళ్లకు బోధన్ ఆర్డీవో. కానీ నమోదు జరగాల్సింది పుట్టిన చోట. అటు ఒడ్డున పుట్టిన స్త్రీ ఇక్కడ ఎంత తిరిగినా లాభం లేదు. అక్కడ 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆలస్యపు నమోదుల్లో అక్రమాలు జరిగాయంటూ వాటిని కొంతకాలం ఆపి, ఆ తరవాత నియమాలు బిగించింది. ఎవరో చేసిన మోసానికి ఎవరిని కట్టడి చేశారో చూడండి.

ఇక పేర్ల సంగతి. మరాఠీ ఇళ్లలో పెళ్లిలో ఇంటిపేరుతో పాటు తండ్రి పేరు పోయి భర్త పేరు వస్తుంది, చాలాసార్లు పిల్ల పేరే మార్చేస్తారు. ముస్లిం స్త్రీల పేర్ల చివర ఒక కాగితంలో బేగం, ఇంకో దాంట్లో బీ, మరో దాంట్లో ఏమీ ఉండదు. ఉర్దూలో రాసింది తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లిషులోకి వచ్చేసరికి అక్షరాలు మారతాయి. బడిలో చేర్చినప్పుడు పంతులు వేసిన తేదీ, బీడీ కార్ఖానాలో పేరు రాసుకున్నప్పుడు గుమాస్తా వేసిన వయసు, ఆధార్‌లో పడ్డ జనవరి 1, మూడూ ఒకే మనిషివి. ఈ తేడాల్లో ఒక్కటి కూడా ఆమె చేసింది కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన తండ్రి ఉన్నవాళ్లు కొంత నయం, సర్వీసు కాగితాల్లో పిల్లల పేర్లు ఉండవచ్చు. ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతిలోకి పోయింది, 2015 డిసెంబరులో తాళం పడింది. తండ్రి దాచుకున్న కాగితాలు అన్నదమ్ముల ఇళ్లలో ఏ పెట్టెలో ఉన్నాయో.

గల్ఫ్ విషయంలో ఇదంతా ఇంకా ముదురుతుంది. నిజామాబాద్ జిల్లా నుంచి దుబాయి, మస్కట్, కువైట్ పోయేది మగవాళ్లేనని మాట్లాడుకుంటాం గానీ ఇంటిపనికి పోయే స్త్రీలు ఉన్నారు. పదో తరగతి పాసు కాని స్త్రీ వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి అటువంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు, మన దగ్గర అది టామ్‌కామ్. రక్షణ కోసమే పెట్టిన నియమం. కానీ ఊళ్లోకి వచ్చేది టామ్‌కామ్ కాదు, ఏజెంటు. వయసు చాలకపోతే పెంచి రాయిస్తాడు, లేదంటే విజిట్ వీసా మీద పంపిస్తాడు. వయసు మార్చిన పాస్‌పోర్టుతో పోయిన స్త్రీ తిరిగొచ్చాక ఆ తేదీ ఆమె మిగతా కాగితాలతో జన్మలో కలవదు. అక్కడ యజమాని పాస్‌పోర్టు తీసిపెట్టుకుంటే ఆమె చేతిలో ఏమీ మిగలదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. ఏజెంటుకు గాని, భర్తకు గాని, అత్తమామలకు గాని దాన్ని దాచిపెట్టుకునే హక్కు లేదు. అమెరికా సంబంధమని చేసి పంపిన పిల్లల విషయంలోనూ ఈ మాట పనికొస్తుంది. భార్య పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసే భర్తలు గల్ఫ్‌లోనే ఉంటారని ఎందుకనుకోవాలి?

గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు ఆ దేశాలు పుట్టుకతో పౌరసత్వం ఇవ్వవు. 2004 డిసెంబరు 3 తరవాత పుట్టినవాళ్లయితే ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి, గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. దానికి ముందు ఆసుపత్రి కాగితం, దానికి పెళ్లి కాగితం అడుగుతారు. గుళ్లో పెళ్లయి, రిజిస్టరు చేయించుకోని జంట అక్కడ చిక్కుకుపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది, 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే చెప్పింది. అయినా శుభలేఖ ఉంటే చాలన్న ధీమా మనకు. భర్త గల్ఫ్‌లో చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తానని 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ డబ్బుకైనా తాను భార్యనేనని వితంతువు కాగితంతోనే చెప్పుకోవాలి.

ఇంత ఇరుకు ఉన్న చోట దళారీ పుట్టకుండా ఎట్లా ఉంటాడు? 2021లో బోధన్‌లో బయటపడ్డ పాస్‌పోర్టుల కుంభకోణం అందరికీ గుర్తుండే ఉంటుంది. కొద్ది చిరునామాల మీదనే 72 పాస్‌పోర్టులు, అవి బంగ్లాదేశీయుల చేతుల్లోకి పోయాయని పోలీసులే చెప్పారు. విచారించి నివేదిక ఇవ్వాల్సిన పోలీసు సిబ్బంది కూడా అందులో అరెస్టయ్యారు. డబ్బున్న వాడికి కాగితం ఎట్లా దొరుకుతుందో, లేనివాళ్లకు ఎందుకు దొరకదో ఇంతకన్నా వివరంగా చెప్పలేం. వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని హైకోర్టు తేల్చింది 2024 డిసెంబరులో, ఆయన పదవీకాలం ముగిశాక. కేసుల మీద కేసులతో పదిహేనేళ్లు గడిచాయి. ఆయనకు దొరికిన ఆ వ్యవధి, ఆ న్యాయవాదులు అస్సాంలోని పేద స్త్రీకి దొరకలేదు. ఆయన మీద కోపంతో అంటున్న మాట కాదిది. అంత ఓపిక చట్టానికి ఉన్నప్పుడు అది అందరి విషయంలోనూ ఉండాలి.

సంఘాలు ఏం చెయ్యాలి? నియమాల్లో మనకు అనుకూలంగా మారినవి కొన్ని ఉన్నాయి. అవి ఊళ్లకు చేరలేదు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నియమాలు మార్చినప్పుడు పెళ్లి ధ్రువపత్రం అక్కర్లేదన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. విడిపోయిన స్త్రీ భర్త పేరు రాయనవసరం లేదన్నారు. నోటరీ లేకుండా తెల్లకాగితం మీద సొంత ప్రకటన చాలన్నారు. పెళ్లి తరవాత పేరు మార్చుకోనక్కర్లేదు కూడా. నిజామాబాద్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. అయినా బయట ఫారాలు నింపేవాళ్లు ఇప్పటికీ నోటరీకి డబ్బు తీసుకుంటారు, భర్త సంతకం తెమ్మంటారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు మాత్రం పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు, ఇంకేదీ చెల్లదు. ఇప్పుడు అంగన్‌వాడీలో ఉన్న ఆడపిల్లల్లో ఆ పత్రం ఎవరికి లేదో తెలుసుకోవడం ఒక్కరోజు పని.

కానీ ఒక హెచ్చరిక. మనం జిరాక్సులు తీయించే, ఫారాలు నింపే సంఘాలుగా మిగిలిపోకూడదు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే చెల్లెళ్లకు ఈ మాట కొంచెం కటువుగా తగలవచ్చు. ఫైళ్ల సంఖ్యతో నివేదిక నిండుతుంది, హక్కు మాట వెనక్కు పోతుంది. పాత ఓటరు జాబితా ఎవరి దగ్గర ఉంది? బడి రిజిస్టరు ఎవరిది? జనన రిజిస్టరు ఎవరిది? అన్నీ ప్రభుత్వానివే. తన బీరువాలో ఉన్న కాగితాన్ని తెచ్చి తనకే చూపమని ప్రభుత్వం కూలి చేసుకునే స్త్రీని అడుగుతోంది. బోధన్ కార్యాలయం ధర్మాబాద్ కార్యాలయానికి ఒక లేఖ రాస్తే తేలే విషయానికి ఆమె నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంటోంది. ఆ లేఖ రాయడం అధికారి బాధ్యత కావాలని, మరాఠీ, ఉర్దూ కాగితాల అనువాదం ఉచితంగా కార్యాలయమే చేయించాలని, పంచాయతీ ధ్రువపత్రాన్ని సరిచూసి అంగీకరించాలని, పేరులో అక్షరం తేడాకు స్త్రీ సొంత ప్రకటన చాలని మనం అడగాలి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఒక్కొక్కరు ఒక్కొక్క దరఖాస్తుగా కాకుండా ఊరి ఆడవాళ్లందరి పేర్లతో ఒకే దరఖాస్తుగా అడగాలి.

అడుగుతూనే మన చేతిలో పని మనం మొదలుపెట్టవచ్చు. దానికి బతుకమ్మ సమయం పనికిరాదు, దసరాకు బడులకు సెలవులు. శ్రావణంలో నాగుల పంచమికి ఆడబిడ్డలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పుట్టిళ్లకు పోతారు. రాఖీకీ పోతారు. అప్పుడు బడులు నడుస్తుంటాయి. తాను చదివిన బడికి పోయి రిజిస్టరులో తన పేరున్న పుట నకలు అడగాలి, అటు ఒడ్డున దాన్ని నిర్గమ్ ఉతారా అంటారు. రెండో తరగతిలో మానేసినా పేరు ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లున్న పాత ఓటరు జాబితా పుట ఒకటి. తండ్రి ఆధార్ ఒక్కటే కాదు, తల్లిది కూడా. తెచ్చుకున్నవి భర్త ఫైలులో కాకుండా ఆమె సొంత సంచిలో ఉండాలి, ఒక నకలు సంఘం దగ్గర ఉండాలి. కందకుర్తి వంతెన మీద వరద లేని రోజు చూసుకుని బయలుదేరాలి.